వంతెన వద్దన్న సింహాద్రమ్మ

అనగనగనగా ఒక రాజ్యం, ఆ రాజ్యం చివర ఒక ఊరు, ఆ ఊరికి వాగు అవతల ఒక పేట. పేర్లు అడక్కండి. మా అమ్మమ్మ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఊళ్ళోవాళ్ళు పేటని 'అవతలపేట' అనేవారు. పేటవాళ్ళకి చూస్తే ఊరే అవతల. ఆ సంగతి ఊళ్ళోవాళ్ళకి ఎప్పుడూ తట్టలేదు. ఏయ్ చిన్నదానా, అక్క మీంచి కాళ్ళు తియ్యి. ఊ కొట్టేవాళ్ళకే కథ. కొట్టకపోతే నేనూ పడుకుంటాను, నాకేం నష్టం లేదు.

ఆ రాజ్యానికో రాజుగారు. మంచివాడే పాపం. ఒకనాడు మధ్యాహ్నం భోంచేసి తాంబూలం నములుతుంటే ఆయనకో ఆలోచన వచ్చిందిట. ప్రజలకి ఏం కావాలో నేను ఊహించుకుంటూ కూర్చోవడమెందుకు, వాళ్ళనే అడిగితే పోలేదా అని. వెంటనే ఆజ్ఞ వేశాడు. ఏడాదికి నాలుగుసార్లు ప్రతి ఊళ్ళోనూ సభ జరగాలి. ముందురోజు వీధివీధినా దండోరా వెయ్యాలి. ఆడా మగా అందరూ రావాలి, ఎవరైనా లేచి ఏదైనా అడగొచ్చు. పదిమందీ ఒప్పుకున్నది పుస్తకంలో రాసి పంపితే దివాణం చేసిపెడుతుంది. ఆ పుస్తకం ఎవరడిగినా చదివి వినిపించాలి. ఇంతే ఆజ్ఞ. దాని మీద ముద్ర కొట్టి, రాజుగారు తలగడ మీద వాలి హాయిగా నిద్రపోయారు. ప్రజలనడిగాను, ఇంక నా పని అయిపోయింది అని.

ఆ ఊరికి పెద్ద జగ్గప్ప. బొజ్జ ముందు, మనిషి వెనక. పుస్తకం రాసే లేఖరి కామేశం. కామేశం చేతిరాత ఎంత బాగుంటుందనుకున్నారు, అక్షరాలు ముత్యాలు గుచ్చినట్టుండేవిట. ఆ రాత చూసి దివాణంలో వాళ్ళు అందులో ఏముందో చదవడం మానేసి అందమే చూస్తూ కూర్చునేవారుట.

మరి దండోరా వెయ్యాలి కదా? వేయించేవాడు జగ్గప్ప. ఎక్కడా? తన పెరట్లో. డప్పు మీద గుడ్డ కప్పి రెండంటే రెండు దెబ్బలు, రేపు సభ, రేపు సభ, అని చెవిలో చెప్పినట్టు. పెరట్లో కట్టేసిన గేదె ఒక్కటి తలెత్తి చూసేది. మర్నాడు చావిడిలో సభ. వచ్చిందెవరు? జగ్గప్ప. అడిగిందెవరు? జగ్గప్ప. ఒప్పుకున్నదెవరు? జగ్గప్ప. రాసిందెవరు? కామేశం. బాగుంది బాగుంది అన్నదెవరు? జగ్గప్ప బావమరిది. ఆయనా మెలకువగా ఉంటేనే అనేవాడు. ఆ తరవాత ముగ్గురూ అరిసెలు తిని లేచేవారు. పుస్తకంలో మాత్రం, 'ఊరూ పేటా కలిసి మూడువందల పన్నెండుమంది హాజరు, అందరిదీ ఒకటే మాట' అని ఉండేది.

ఎప్పుడూ ఒకటే మాటంటే పైవాళ్ళకి అనుమానం రాదూ? కామేశం తెలివైనవాడు. వాళ్ళ నాన్న కాలంనాటి గడప జాబితా ఒకటి ఉండేది అతని దగ్గర. ఊళ్ళోనూ పేటలోనూ ఇంటింటికీ ఎవరెవరున్నారో రాసిన జాబితా. అందులోంచి ఓ పేరు తీసి, ఈయన లేచి ఇలా అన్నాడు, ఆవిడ నిలబడి అలా అంది అని రాసేవాడు. ఆ జాబితాలో ఉన్నవాళ్ళలో ఎవరున్నారో ఎవరు పోయారో అతనికి తెలీదు. తెలుసుకోవాలంటే వీధిలోకి వెళ్ళాలి. వీధిలో ఎండ.

ఊ కొడుతున్నారా? ఆఁ.

ఇంక పేటకొద్దాం. అక్కడ అసిరమ్మ అని ఒక కోడలు. మొగుడి పేరు గురువులు, మేకలు కాసుకునేవాడు. అత్త సింహాద్రమ్మ. సింహాద్రమ్మంటే ఎలాంటి మనిషనుకున్నారు, మాట మరీ పొదుపు. ఇంట్లో కోడలితోనూ కోళ్ళతోనూ తప్ప మాట్లాడేదే కాదు. వీధిలో మగవాడి గొంతు వినపడితే చెప్పే మాట సగంలో మింగేసేది. పెద్దవాళ్ళ ముందు నోరెత్తడం ఎవరూ ఎరగరు. కాని అసిరమ్మ కొత్తగా కాపరానికొచ్చినప్పుడు, కట్టెలపొయ్యి ముందు అన్నం మాడ్చేసి ఏడుస్తుంటే, ఆ మాడు అన్నం తన కంచంలో వేసుకుని, మా అత్త వండింది కూడా ఇలాగే ఉండేది అని ఒక్కమాట అందిట. అంతే. ఆ ఒక్కమాటకి అసిరమ్మ ఆవిడకి కూతురైపోయింది.

అలాంటి సింహాద్రమ్మకి ఒక శ్రావణంలో జ్వరం తగిలింది. వాగు ఒడ్డులు మునిగి పారుతోంది. వైద్యుడేమో ఊళ్ళో ఉన్నాడు. ముసలామెని నులకమంచం మీద మోసుకొచ్చి ఇవతల ఒడ్డున పెట్టారు. వైద్యుడు పాపం మంచివాడే, గొడుగేసుకుని అవతల ఒడ్డుకొచ్చి నిలబడ్డాడు. నాలిక ఎలా ఉంది అని అతను అరుస్తాడు, ఎర్రగా ఉంది అని వీళ్ళరుస్తారు. మధ్యలో వాగు హోరు. అతను ఏ ఆకు నూరమన్నాడో, ఎంత పొయ్యమన్నాడో, వీళ్ళకి వినపడింది ఒకటే మాట, 'కషాయం' అని. ఏ కషాయం? మూడోసారి, నాలుగోసారి అడిగారు. మర్నాడూ అడిగారు. మూడోనాడు అడగాల్సిన అవసరం లేకపోయింది.

అసిరమ్మకి ఆ తరవాత చాన్నాళ్ళు, కషాయం అన్న మాట ఎక్కడ వినపడినా చేతిలో పని ఆగిపోయేది.

ఏడాది తిరగబోతోంది. పక్కింటి నీలాలుకి తొలిచూలు. నెలలు లెక్కేసుకుంటే నొప్పులొచ్చేది సరిగ్గా శ్రావణంలో. మంత్రసాని ఉండేది ఊళ్ళో. నీలాలు పైకి నవ్వుతూ తిరిగేది కాని, వాగు వైపు చూసినప్పుడల్లా చెయ్యి పొట్టమీదికి వెళ్ళేది. అసిరమ్మ అది చూసింది. చూసి, ఇంక ఊరుకోలేకపోయింది. వాగు మీద ఒక కాలివంతెన వెయ్యమని అడిగొస్తానని ఆనపకాయ ఒకటి చంకనబెట్టుకుని ఊళ్ళోకి బయల్దేరింది. పెద్దల దగ్గరికి ఉత్తి చేతులతో ఎలా వెళ్ళడం?

కామేశం ఆనపకాయ లోపలికి పంపించి, వంతెన సంగతంటే ముద్ర వెయ్యాలి, ముద్ర జగ్గప్పగారి దగ్గరుంది, ఆయన్నడుగు అన్నాడుట. ఇంకో ఆనపకాయతో జగ్గప్ప దగ్గరికెళ్ళింది. ఆయన, ముద్ర నా దగ్గరే ఉంది గాని వెయ్యడానికి కాగితం కామేశం దగ్గరుంది అన్నాడు. కాగితానికి కామేశం దగ్గరికెళ్తే, సోమవారం రా అన్నాడు. సోమవారం వెళ్తే సోమవారమంటే ఈ సోమవారం కాదన్నాడు. మళ్ళీ వెళ్తే అర్జీ రాయించుకురా అన్నాడు. రాసేదెవరు బాబూ అంటే, నేనే అన్నాడు. అయితే రాయండి అంటే, సోమవారం రా అన్నాడు. ఇలా ముద్రకోసం కాగితం, కాగితంకోసం అర్జీ, అర్జీకోసం సోమవారం, సోమవారంకోసం ఆనపకాయ. పాదు మీద కాయలన్నీ అయిపోయాయి. ప్రతిసారీ ఆనపకాయ లోపలికి వెళ్ళేది, అసిరమ్మ బయటే నిలబడేది.

ఆఖరికి ఆమె ఉత్తి చేతులతో వచ్చేసరికి కామేశానికి ఒళ్ళు మండి, అసలా వంతెన సంగతి ఎప్పుడో తేలిపోయింది, కావాలంటే విను అని పుస్తకం తీశాడు. మొన్న మాఘమాసం సభలో మీ పేటవాళ్ళే ఒద్దన్నారని చదివాడు. దివాణం వాళ్ళు వంతెనకని టేకు పంపిస్తామంటే, మాకు వంతెన అక్కర్లేదు, ఆ టేకుతో జగ్గప్పగారింటి ముందు మంటపం కట్టిస్తే, ఊళ్ళోకొచ్చినప్పుడు దాని నీడన కూర్చుంటాం అన్నారుట.

పేటవాళ్ళలో ఎవరన్నారు బాబూ, అని అడిగింది అసిరమ్మ.

కామేశం వేలుపెట్టి చూసి, "సింహాద్రమ్మని ఒక పెద్దావిడ. ఆవిడే లేచి గట్టిగా చెప్పింది. మీ పేటలో ఆవిడంత మాటకారి లేదు," అన్నాడు.

ఆవిడని మీరు చూశారా అని అడిగింది అసిరమ్మ. ఎందుకు చూడలేదు అన్నాడు కామేశం. నిండైన మనిషి, ఖంగుమనే గొంతు, ఏ సభకీ మానదు, వరసగా ఏడు సభల్లో మాట్లాడింది అన్నాడు. అతనికి మాట అలవాటైపోయింది కదా, ఒకటి మొదలుపెడితే దానికదే అల్లుకుపోయేది. ఈవిడ ఆ సింహాద్రమ్మ కోడలని అతనికేం తెలుసు? పేట మొహం చూస్తే కదా.

తిరుగుదారిలో అసిరమ్మ వాగు మధ్యకొచ్చి ఆగిపోయింది. అప్పుడు మోకాలిలోతే నీళ్ళు. మొదట నవ్వొచ్చిందిట. మా అత్త, ఖంగుమనే గొంతు! నవ్వుతూ నవ్వుతూ ఉండగానే ఏడుపొచ్చింది. బతికున్నన్నాళ్ళూ నలుగురి ముందు నోరు విప్పని మనిషికి, పోయాక నోరిచ్చారు. ఇచ్చి ఏమనిపించారూ? ఏది లేక పోయిందో అదే ఒద్దనిపించారు. ఇంటికెళ్ళి మొగుడితో చెప్తే, గురువులు మేకకి ఆకు వేస్తూ, పోయినావిడ పేరు ఎవరు వాడుకుంటే ఆవిడకేం బాధ అన్నాడుట. ఆవిడకి లేదు, నాకుంది అంది అసిరమ్మ. ఆ పూట మేకలకి తప్ప ఆ ఇంట్లో ఎవరికీ తిండి సయించలేదు.

ఏం చెయ్యాలో ఆమెకీ తెలీలేదర్రా. తెలిసినట్టు చెప్తే అది అబద్ధం. కాని ఈలోగా ఏమైందంటే, దివాణంలో రాజుగారు ఒకరోజు తోచక పుస్తకాలు తెప్పించి చూస్తున్నారు. ఏ ఊరి పుస్తకంలో చూసినా ఆడవాళ్ళు వచ్చినట్టుంది గాని మాట్లాడినట్టు లేదు. ఈ ఊరి పుస్తకంలో చూస్తే ఒకావిడ ఏడు సభల్లో ఏడుసార్లు లేచి మాట్లాడింది. రాజుగారికి కళ్ళు చెమర్చాయి. నా ఆజ్ఞని నిజంగా పాటించిన ఊరు ఇదొక్కటే అనుకున్నారు. వెంటనే గుర్రపు రౌతుని పంపించారు. జ్యేష్ఠ పున్నమినాటి సభకి తాము స్వయంగా వస్తున్నామని, సింహాద్రమ్మగారికి సభలోనే శాలువా కప్పుతామని, ఆవిడ మాట చెవులారా వింటామని.

కబురు వినగానే జగ్గప్ప, ఎవరా సింహాద్రమ్మ అని అడిగాడుట. నాకూ తెలీదన్నాడు కామేశం.

అలా ఆ లేఖరి పుట్టి బుద్ధెరిగి మొదటిసారి పంచె పైకి కట్టుకుని వాగు దాటాడు. రాళ్ళమీద రెండుసార్లు జారాడు. పేటలో ఇల్లడుక్కుంటూ అసిరమ్మ గుమ్మంలోకి వచ్చాడు. ఆనపకాయలు తెచ్చిన మనిషేనని గుర్తుపట్టలేదు, అన్నిసార్లూ కాయే చూశాడు గాని మొహం చూళ్ళేదు.

"సింహాద్రమ్మగారిల్లు ఇదేనా తల్లీ?"

"ఇదే బాబూ."

"ఒకసారి పిలువు. మంచి కబురు."

"పిలిస్తే పలకదు బాబూ. పోయిన శ్రావణంలో పోయింది. నేనావిడ కోడల్ని."

కామేశం అక్కడున్న రోటి మీద అలాగే కూలబడిపోయాడు. అందులో నానబోసిన పప్పుంది. ఆమె చెప్పేలోగానే కూర్చున్నాడు.

కాసేపటికి తేరుకుని, చేతులు పట్టుకున్నంత పనిచేశాడు. ఒక్కపూట నువ్వే సింహాద్రమ్మవి కావాలి, ముసుగేసుకుని కూర్చో, తలూపు, శాలువా పుచ్చుకో, వెళ్ళిపో, ఇంకేం అక్కర్లేదు అని బతిమాలాడు. అసిరమ్మ ఆలోచించుకుని రేపు చెప్తానంది. సోమవారం చెప్తాననలేదు, అది ఆమె మంచితనం. ఆ సాయంత్రం నీలాలు ఇంటి అరుగు మీద ఇద్దరాడవాళ్ళూ కూర్చుని మాట్లాడుకున్నారు. గురువులు మాత్రం ఒద్దంటే ఒద్దన్నాడు. రాజు ముందు తేడా వస్తే మనమే పోతాం అన్నాడు. అతను చెప్పిందీ నిజమే. ఆమెకీ భయం లేకపోలేదు.

మర్నాడు కామేశంతో ఒప్పుకుంది. కాని, మూడువందల పన్నెండుమంది అని రాశారు కదా బాబూ, నేనొక్కదాన్నీ వస్తే మిగతావాళ్ళేరని రాజుగారడగరా అంది. కామేశం ఆ సంగతే మరిచిపోయాడు. అవునవును, అందర్నీ తీసుకురా అన్నాడు. నేను చెప్తే ఎవరొస్తారు, మా పేటలో ఈ చివర్నించి ఆ చివరిదాకా దండోరా వేయించండి, గుడ్డ తీసేసి వేయించండి అంది. కామేశానికి గత్యంతరం లేదు. అలా ఆ పేటలో మొట్టమొదటిసారి డప్పు మోగింది. ముసలివాళ్ళు ఏ ఇంట్లో ఏం జరిగిందోనని కంగారుపడి బయటికొచ్చారుట.

పున్నమినాడు పొద్దున్నే పేట పేటంతా వాగులోకి దిగింది. నీలాలుని ఇద్దరు చెరోచెయ్యి పట్టుకుని దాటించారు. చావిడి నిండిపోయి జనం బయటికి పొర్లారు. కట్టినప్పట్నించీ అందులో ముగ్గురు తప్ప కూర్చున్నది లేదాయె. ఆఖరికి సభ జగ్గప్ప ఇంటి ముందుకి మార్చారు. కొత్త టేకు మంటపంలో రాజుగారిని కూర్చోబెట్టారు. రాజుగారు స్తంభాలు నిమిరి, మంచి కలప, భేషైన పనితనం అని మెచ్చుకున్నారు. జగ్గప్ప వంగి దణ్ణం పెట్టాడు. బొజ్జ అడ్డమొచ్చి సగమే వంగాడు.

రాజుగారు చుట్టూ చూసి మురిసిపోయారు. సింహాద్రమ్మగారేరీ అన్నారు. ముసుగులో అసిరమ్మ లేచింది. ఏం చెప్పాలో నాలుగురోజులనించి అనుకుంటోంది, అంతా పోయింది. కళ్ళముందు మాత్రం అవతల ఒడ్డున గొడుగేసుకుని నోరు కదిలిస్తున్న వైద్యుడు కనపడుతున్నాడు.

శాలువా పళ్ళెంలో వచ్చింది. రాజుగారు దాన్ని చేతిలోకి తీసుకుని, అమ్మా, నీ మాటలన్నీ చదివాను, ఒక్కటే నాకర్థం కాలేదు, వాగు అవతల ఉన్న నువ్వు వంతెన ఎందుకొద్దన్నావు అని అడిగారు.

కామేశం దగ్గాడు. తలూపమని దాని అర్థం. అసిరమ్మ తలూపలేదు. ముసుగు తీసేసింది.

"వంతెన ఒద్దన్నది మా అత్త మారాజా. నేను కోడల్ని. ఆ మాటన్ననాటికి మా అత్త పోయి ఆరు నెలలు. పోయినవాళ్ళకి వంతెనతో ఏం పని, వాళ్ళు ఎటు కావాలంటే అటు దాటేస్తారు. పని ఉన్నది మాకు."

గుడ్డ కప్పిన డప్పులా అయిపోయింది సభంతా. జగ్గప్పకే ముందు మాటొచ్చింది. ఆయన చేతులు జోడించి, మహారాజా, ఆవిడకి సభంటే అంత భక్తి, పోయాక కూడా మానకుండా వచ్చేది, దెయ్యమని భయపడకుండా మేమే పీట వేసి కూర్చోబెట్టేవాళ్ళం అన్నాడు. నవ్వకండర్రా, రాజుగారు ఒక్క క్షణం నమ్మబోయారుట కూడాను. కామేశం వైపు తిరిగి అడిగారు.

"నిజంగా వచ్చిందా?"

"పుస్తకంలో ఉంది మహాప్రభూ."

"పుస్తకం సంగతి కాదు. నువ్వు చూశావా?"

"నేను రాస్తూ ఉంటాను ప్రభూ. తలెత్తి చూసే తీరికుండదు."

రాజుగారు శాలువా పళ్ళెంలో పెట్టేశారు. సరే, ఈ ఊళ్ళో వంతెన కావాలన్నవాళ్ళెవరో లేచి నిలబడండి అన్నారు.

ఎవరూ లేవలేదు. ఎలా లేస్తారు? రాజుగారు పొద్దుగుంకేసరికి వెళ్ళిపోతారు, జగ్గప్ప రేపూ ఉంటాడు. అసిరమ్మ వెనక్కి తిరిగి చూసింది. అందరూ నేలవైపే చూస్తున్నారు. గురువులు కూడా. ఒంటరిగా నిలబడ్డం ఎంత పొడుగ్గా ఉంటుందో ఆమెకి అప్పుడు తెలిసింది. అత్త ఎందుకు నోరెత్తేది కాదో కూడా అప్పుడే తెలిసింది.

అంతలో వెనక వరసలో నీలాలు లేవబోయింది. నిండు మనిషి కదా, గబుక్కున లేవలేదు. ఒక చెయ్యి నేలకి ఆనించి, ఒక మోకాలు ఎత్తి, ఆగి, ఊపిరి తీసుకుని, రెండో చెయ్యి నడుం మీద వేసుకుని, మెల్లిగా నిటారుగా నిలబడింది. అంతసేపూ సభంతా ఆమెనే చూసింది. ఆమె పక్కావిడ ఆసరా ఇవ్వడానికి లేచింది, లేచి మళ్ళీ కూర్చోలేదు. ఆమె వెనకాల ఆమె, ఆమె మొగుడు, మొగుడి తమ్ముడు, తమ్ముడి మామ, మామ పక్కన పేట కూరలు కొనుక్కునే ఊరి షావుకారు, వాగు అవతల మడి ఉన్న రైతు, గొడుగు వైద్యుడు. గురువులు లేచాడు. ఆఖరికి జగ్గప్ప బావమరిది కూడా లేచాడు, అందరూ లేస్తుంటే సభ అయిపోయిందనుకుని.

అందరూ నిలబడ్డాక రాజుగారికి ఒక వింత కనపడింది. సగంమంది చీరలూ పంచెలూ మోకాళ్ళదాకా తడిసి ఉన్నాయి. రాత్రి వాన కురిసిందా అని అడిగారు. లేదు మారాజా, మేం వచ్చే దారి అదే అంది అసిరమ్మ.

"మరి వానాకాలంలో సభకెలా వస్తారు?"

"వానల్లో రాము మారాజా. పుస్తకంలో వస్తాం."

రాజుగారు తను కూర్చున్న మంటపం కప్పు వైపు ఒకసారి చూశారు. ఇది ఎక్కడి కలప అని జగ్గప్పనడిగారు. వంతెనకొచ్చిన టేకేనని జగ్గప్ప చెప్పాల్సొచ్చింది. రాజుగారు దానికిందనుంచి లేచి ఎండలోకి వచ్చి నిలబడి, విప్పండి అన్నారు.

ఇరవై రోజుల్లో ఆ మంటపం వాగు మీద వంతెనైపోయింది. అంత తొందరగా ఎలా అయిందంటే, ఆ పనికి అర్జీ రాయలేదు, ముద్ర వెయ్యలేదు, సోమవారంకోసం ఆగలేదు. శాలువా ఎవరికిచ్చారంటారా? అసిరమ్మ తనకొద్దంది. పోయినావిడకి కప్పడం ఎలాగో దివాణంలో ఎవరికీ తెలీలేదు. ఆ సంగతి తేల్చడానికి ఒక సంఘం వేశారుట. ఇంకా తేలలేదు.

కామేశాన్ని కొలువులోంచి తీసేస్తారనుకున్నారందరూ. రాజుగారు తియ్యలేదు. అంత మంచి చేతిరాత మళ్ళీ దొరకదన్నారు. కాని దండోరాకి ఇకనించి డప్పుతో పాటు అతనే ఇంటింటికీ తిరగాలని, సభలో ఏం రాశాడో లేచేముందు అందరికీ చదివి వినిపించాలని తీర్పు చెప్పారు. జగ్గప్ప పెద్దరికం అలాగే ఉంది, కూర్చునే మంటపమే లేదు.

ఆ తరవాత సభలెలా జరిగాయనుకున్నారు, చక్కగా సాగాయనా? అయ్యో రామ. ముగ్గురున్నప్పుడు అరిసెలు తినేలోపు అయిపోయేది. ఇప్పుడు పొద్దున్న మొదలైతే పొయ్యి వెలిగించే వేళక్కూడా తెమిలేది కాదు. గేదెల్ని ఎవరు ఎక్కడ కడగాలని ఒక రగడ, వీధిలో మురుగు ఎటు మళ్ళించాలని ఇంకో రగడ. అసిరమ్మ ఒకటంటే గురువులే లేచి కాదనేవాడు. ఇంటికొచ్చాక ఇద్దరికీ మాటల్లేవు ఓ పూటంతా. జగ్గప్ప గొంతు బొంగురుపోయింది. ఈ గోలకంటే దెయ్యాల సభే నయం, అవి ఎదురు చెప్పేవి కావు అని కామేశం వాపోయేవాడుట.

ఊ కొట్టేది ఒక్కరేనా? అది నిద్రపోయిందా? సరే, అయిపోవచ్చింది.

శ్రావణం వచ్చింది. వాగు మళ్ళీ ఒడ్డులు మునిగి పారింది. ఒక మిట్టమధ్యాహ్నం నీలాలుకి నొప్పులు మొదలయ్యాయి. గురువులు వంతెన మీద పరిగెత్తుకెళ్ళి, మంత్రసానిని వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడ మధ్యలో ఆగి కిందకి చూసి, ఎంత నీళ్ళో అందిట, అంతే, చీర అంచు తడవకుండా వచ్చేసింది. అసిరమ్మ నీళ్ళు కాచింది, నీలాలు తల ఒళ్ళో పెట్టుకుంది. దీపాలవేళకి ఆడపిల్ల పుట్టింది. అసిరమ్మ బయటికొచ్చి, గోడకి ఆనుకుని, వాగు హోరు వింటూ చాలాసేపు నిలబడింది. ఎవరూ దాని మీంచి అరవక్కర్లేదు ఇప్పుడు.

మర్నాడు నీలాలు మొగుడు, బిడ్డ పుట్టిందని ఊరి పుస్తకంలో రాయించడానికి కామేశం దగ్గరికెళ్ళాడు. కామేశం కలం తీశాడు, సిరాలో ముంచాడు, ముంచి ఆగిపోయాడు. కలం కింద పెట్టి, చెప్పులేసుకుని, గొడుగు తీసుకుని, జోరున వానలో వంతెన దాటి పేటకొచ్చాడు. గుమ్మం బయటే నిలబడి, బిడ్డనొకసారి చూపించండమ్మా అన్నాడు. చూపించారు. పిల్ల కళ్ళు మూసుకుని పడుకుంది. కామేశం అటు చూశాడు, ఇటు చూశాడు, మొహమాటపడుతూ, కొంచెం ఏడిపిస్తారా అని అడిగాడుట. అసిరమ్మ పిల్ల అరికాలు మీద చిన్నగా తట్టింది. అది ఇల్లెగిరిపోయేట్టు కేర్ మంది.

కామేశం చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ఇంకోసారి అన్నాడు. ఇంకోసారి ఏడ్చింది. అప్పుడు వెళ్ళి రాశాడు.

అంచేత ఏం తెలిసిందర్రా? మనం వెళ్ళాల్సిన చోటికి మనం వెళ్ళాలి. వెళ్ళకపోతే ఖాళీ ఏమీ ఉండదు, మన బదులు ఎవరో వెళ్ళి, మనకి ఏమొద్దో కూడా చెప్పి వచ్చేస్తారు. ఇంక చాలు. కథ కంచి బండెక్కేసింది, మనం దుప్పట్లోకి దూరదాం. దీపం తగ్గించు.